ఇండియానాపొలిస్ మట్టి బాట

కార్ల పందెములకు మన చరిత్రకు ఏమి సంబంధం అని మీరు అడగవచ్చును. ఈ కథ చదివి మీరే చెప్పండి.

అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరంలో 1909లో పెద్ద పందెపు మైదానం వెలిసింది. 1911 నుండి అక్కడ 500 మైళ్ల కార్ల పందెం మొదలైంది. అయితే ఆ రోజులలో పందెములపై అధికారం గల అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ నల్లజాతివారిని పోటీకి రానివ్వలేదు. కు క్లక్స్ క్లాన్ ఆ రాష్ట్రంలో బలంగా ఉన్న కాలం అది. 1924 ఎన్నికలలో క్లాన్ బలపరచిన ఎడ్ జాక్సన్ గవర్నరుగా గెలిచాడు.

ఆ సంవత్సరమే విలియం రక్కర్ అనే నల్లజాతి పెద్దమనిషి, కొందరు తెల్లవారి సహాయంతో, తమవారి కొరకు వేరే పందెం ఏర్పాటు చేశాడు. రాష్ట్ర ప్రదర్శనలు జరిగే మైదానంలో గుర్రాలు పరుగెత్తే ఒక మైలు మట్టి బాట ఉండేది. 1924 ఆగస్టు 2న దానిపై నూరు చుట్లు, అనగా నూరు మైళ్ల పందెం జరిగింది. మాల్కమ్ హానన్ గెలిచాడు. ఈ పందేనికి ‘గోల్డ్ అండ్ గ్లోరీ’, అనగా బంగారమూ కీర్తీ, అని పేరు వచ్చింది.

మట్టి బాటపై కారు నడపడం సామాన్యం కాదు. ముందు కారు లేపిన దుమ్ములో దారి కనబడదు. చుట్టు చుట్టుకూ గుంటలు పెరుగుతాయి.

ఆ బాటపై పేరు పొందినవాడు చార్లీ విగ్గిన్స్. చిన్నతనంలో ఒక కార్ల షాపు ముందు బూట్లు పాలిష్ చేస్తూ, అక్కడే మెకానిక్ పని నేర్చుకున్నాడు. తన కారును తానే తయారు చేసుకొని 1926లో మొదటిసారి గెలిచాడు. మొత్తం నాలుగుసార్లు గెలిచాడని చెబుతారు. 1934లో 500 మైళ్ల పందెం గెలిచిన బిల్ కమింగ్స్ కారును కూడా అతడే సరిచేశాడట. అందుకు ఊడ్చే పనివాడనే పేరుతో లోపలికి పోవలసి వచ్చిందట.

1936లో పదమూడు కార్లు ఢీకొన్నాయి. విగ్గిన్స్ కాలు పోయింది. పందెం అంతటితో ఆగిపోయింది. అతడు 1979లో మరణించాడు. 1991లో గాని ఒక నల్లజాతి డ్రైవరు, విల్లీ రిబ్స్, ఆ 500 మైళ్ల పందెంలో పాల్గొనలేదు.

“పనికి రా, పంక్తికి రాకు” అన్న న్యాయం తోటలలో పుట్టిన మనకు కొత్త కాదు. మిల్లు నడిపిన చేతులు మనవి. క్లబ్బు వాకిలి దొరలది. అయితే ఒక్క సంగతి గమనించండి. చికాగో డిఫెండర్ వంటి నల్లజాతి పత్రికలు ఆనాడే వ్రాసి ఉంచినందున ఆ పేర్లూ తేదీలూ నిలిచినవి. మన తాతల పనితనం వ్రాయవలసినవారు మనమే. ఇంటి పెద్దలను నేడే అడిగి వ్రాసుకొనండి.