ఫైలు నాదే, మరి తాళం ఎవరిది?

ఎపిసోడ్‌లో టైమ్ చాలక సగమే చెప్పాను. మిగతాది ఇక్కడ రాస్తున్నా.

పోయిన చలికాలం నా పాత ల్యాప్‌టాప్ పాడైపోయింది. లోపల హార్డ్ డిస్క్ మాత్రం బాగానే ఉంది. దాన్ని విప్పి, యూఎస్‌బీ డబ్బాలో పెట్టి, కొత్త కంప్యూటర్‌కి తగిలించాను. నాన్న ఆఖరి ఫొటోలు, పాస్‌పోర్టు స్కాన్లు, పదేళ్ళ వీసా కాగితాలు అన్నీ అందులోనే ఉన్నాయి. నా పేరున్న ఫోల్డర్ నొక్కితే మీకు పర్మిషన్ లేదు అంది. అక్కడా ఇక్కడా పెట్టుకున్నది నా పేరే. సొంత ఇంటి ముందు దొంగలా నిలబడ్డట్టు అయ్యింది. ఒక రిపేర్ షాపులో అడిగితే డేటా రికవరీ అని నాలుగు వందల డాలర్లు చెప్పారు.

అసలు ఈ తాళం ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని చదువుతూ పోతే కథ 1961 దాకా వెళ్ళింది.

అప్పట్లో కంప్యూటర్ అంటే గది నిండా ఉండే యంత్రం. ఒకే యంత్రాన్ని చాలామంది ఒకేసారి వాడుకునేలా ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం సీటీఎస్ఎస్ అనే ఏర్పాటు తయారుచేసి, ఆ ఏడాది నవంబర్‌లో నడిపి చూపించింది. ఒకే గదిలో పదిమంది ఉంటే ఎవరి పెట్టెకి వాళ్ళు తాళం వేసుకుంటారు. గల్ఫ్ క్యాంపుల్లో ఉన్న తమ్ముళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. అలాగే ఇక్కడా ఎవరి ఫైళ్ళు వాళ్ళవి, ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళది. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తనకిచ్చిన మెషిన్ టైమ్ చాలక, అందరి పాస్‌వర్డులూ ఉన్న ఫైలునే ప్రింట్ తీయించుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత ఆయనే ఆ సంగతి బయటపెట్టాడు.

1969లో న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టారు. మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే ఎడిసన్‌కి ఆ చోటు పెద్ద దూరం కాదు. అందులో ప్రతి ఫైలుకీ ఒక ఓనర్ ఉంటాడు. చదివేది ఎవరు, మార్చేది ఎవరు, నడిపేది ఎవరు అని గుర్తులుంటాయి. ఓనర్ అంటే యంత్రం దాచుకునేది పేరు కాదు, ఒక నంబరు.

1981లో వచ్చిన ఐబీఎం పీసీలో, దాని డాస్‌లో ఈ గొడవ లేదు. ఎవరు కూర్చుంటే వాళ్ళే యజమాని. 1993లో ఆఫీసుల కోసం విండోస్ ఎన్‌టీ వచ్చింది, దాంతో ఎన్‌టీఎఫ్ఎస్ అనే తాళాల పద్ధతి వచ్చింది. 2001లో ఎక్స్‌పీతో అదే మన ఇళ్ళలోకి చేరింది. ఆఫీసు తాళం ఒంటరివాడి గదికి బిగించారన్నమాట.

విండోస్‌లో ప్రతి అకౌంటుకీ ఎస్-1-5-21 అని మొదలయ్యే పొడవాటి నంబరు ఉంటుంది. కొత్త కంప్యూటర్‌లో అదే పేరు పెట్టుకున్నా నంబరు వేరే. పాత సైటు బ్యాడ్జి కొత్త సైటు గేటు దగ్గర పనిచెయ్యనట్టే. మొహం అదే, పేరూ అదే, గేటుకి కావాల్సింది నంబరు.

ఇది తెలిశాక పని తేలిక. అడ్మిన్ అకౌంటుతో లోపలికి వెళ్ళండి. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్. పైన ఓనర్ పక్కన చేంజ్ నొక్కి మీ యూజర్ పేరు ఇవ్వండి. లోపలి ఫోల్డర్లకీ ఓనర్ మార్చే గడి కిందే కనిపిస్తుంది, దానికి టిక్ పెట్టి ఓకే నొక్కండి. ఆ కిటికీలు మూసి, మళ్ళీ సెక్యూరిటీలోకి వెళ్ళి మీ పేరుకి ఫుల్ కంట్రోల్ ఇవ్వండి.

మూడు జాగ్రత్తలు. మీ ఫోల్డర్ వరకే చెయ్యండి, విండోస్ ఫోల్డర్ జోలికి పోవద్దు. విసుగొచ్చి ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇవ్వద్దు, అది సైటు గేటు తీసిపెట్టి ఇంటికి పోవడమే. డిస్క్‌కి బిట్‌లాకర్ ఉంటే ఓనర్ మార్చినా లాభం లేదు, రికవరీ కీ కావాలి. అది చాలాసార్లు మీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో దొరుకుతుంది, ఈరోజే చూసి రాసిపెట్టుకోండి.

డిస్క్ టకటకమని కొట్టుకుంటుంటే మాత్రం షాపుకే వెళ్ళండి. లేకపోతే డబ్బు కట్టేముందు ఒకసారి ఇది చేసి చూడండి. నాకు అరగంట పట్టింది. నాన్న ఫొటోలు అన్నీ ఉన్నాయి.