బడికిని కళాశాలకును నడుమ

ఉన్నత పాఠశాల యొక యిల్లనియు, కళాశాల వేరొక యిల్లనియు, ఈ రెంటి నడుమ పదవ తరగతి యను ఎత్తైన గడప యున్నదనియు నేడు మనము తలచుచున్నాము గాని, పందొమ్మిదవ శతాబ్దపు మద్రాసు రాజధానిలో ఈ గోడ యింత దృఢముగా లేదు. 1857లో స్థాపింపబడిన మద్రాసు విశ్వవిద్యాలయము బడిపిల్లలకు తానే మెట్రిక్యులేషన్ పరీక్ష జరుపుచుండెడిది. అనగా పల్లెటూరి బడిలో చదివిన బాలుని యోగ్యతను తూచు తక్కెడ విశ్వవిద్యాలయము చేతనే యుండెడిది. ఆపై రెండేండ్లు చదివి వ్రాయవలసిన ఎఫ్.ఏ. పరీక్షకు విద్యార్థులను సిద్ధపరచు సంస్థలను సెకండు గ్రేడు కళాశాలలనెడివారు. వానిలో పెక్కు, నడుచుచున్న ఉన్నత పాఠశాలలకే పైన రెండు తరగతులు చేర్చగా నేర్పడినవి. ఒకే కప్పు, ఒకే గంట, ఒకే బావినీరు. బాలుడు ఒక గదిలోనుండి మరియొక గదిలోనికి నడచినచో కళాశాల విద్యార్థి యగుచుండెను.

అయితే ఆ కప్పు ఎక్కడ నుండెననునదియే అసలు ప్రశ్న. 1565 నాటి తళ్లికోట యుద్ధానంతరము విజయనగర ప్రభువులకు రాజధానియైన పెనుకొండలో గగనమహలు నిలిచియున్నది గాని కళాశాల లేదు. పట్టుచీరెలకు పేరుగన్న ధర్మవరములో లేదు. బెల్లము, చింతపండు వర్తకముతో సందడించు హిందూపురములోను లేదు. 1882లో బళ్ళారినుండి విడివడి అనంతపురము ప్రత్యేక జిల్లా యైన పిదప గూడ ముప్పదినాలుగేండ్ల కాలము జిల్లా యంతటికిని ఒక్క కళాశాల యైనను లేకుండెను. మెట్రిక్యులేషన్ గట్టెక్కిన బాలుడు బళ్ళారికో, బెంగుళూరికో, మద్రాసుకో పోవలసినదే. బెంగుళూరు సెంట్రల్ కళాశాల నాడు మద్రాసు విశ్వవిద్యాలయమునకే చెందియుండుటచేతను, రైలు ధర్మవరము, పెనుకొండ, హిందూపురముల మీదుగానే ఆ నగరమునకు పోవుటచేతను, టిక్కెట్టు కొనగలవారి బిడ్డలకు దారి సుగమము. కొనలేనివారి మాట ఎవరును వ్రాసిపెట్టలేదు.

1916లో రెండు సంగతులు కలసివచ్చినవి. మైసూరు సంస్థానమునకు స్వంత విశ్వవిద్యాలయ మేర్పడి బెంగుళూరు కళాశాలలు మద్రాసు ఏలుబడి నుండి తొలగినవి; ఆ యేడే అనంతపురమున దత్తమండల కళాశాల వెలసినది. సర్వేపల్లి రాధాకృష్ణన్ అచ్చట కొంతకాలము బోధించెను. తరువాతి తరమున ఇల్లూరు గ్రామవాసి నీలం సంజీవరెడ్డి ఆ కళాశాలలోనే చదువుచు, 1931లో స్వాతంత్ర్యోద్యమమునకై చదువు విడిచెను. ఒకే చిన్న కళాశాల ఇద్దరు రాష్ట్రపతులను చూచినదని అనంతపురమువారు చెప్పుకొను గర్వము ఉచితమే. కాని కళాశాల వెలసినంతమాత్రమున ధర్మవరపు నేతగాని కుమారుని చేతినుండి కండె జారిపోలేదు. పడుగు సరిచేయువేళకు, కండెలు చుట్టువేళకు పిల్లవాడు మగ్గము చెంత నుండనిచో ఆ దినము కూలియే తగ్గును. ఆ పిల్లవాడు పట్టణములో రెండేండ్లు తిని, ఉండి, చదువుటన్నచో, ఇంటికి రెండు చేతుల సంపాదన పోవుటయే గాక ఒక నోటికి వ్యయము గూడ కలుగును.

నాడు దరిద్ర విద్యార్థికి మనవారు చూపిన మార్గము వారములు చేసికొనుట. సోమవారమొక యింట, మంగళవారమొక యింట, ఇట్లు ఏడు దినములు ఏడిండ్ల భోజనము చేయుచు చదివి ఉన్నతోద్యోగములు పొందినవారి కథలను మనము భక్తితో చెప్పుకొందుము. ఆ ఆచారములోని దయ నిజమే. అయితే ఆ దయ విస్తళ్ళను కులమును చూచియే పరచెననుటయు అంతే నిజము. బ్రాహ్మణ బాలునికి దొరకిన ఏడు విస్తళ్ళలో మాలమాదిగ బాలునికి ఒక్కటియు దొరకదు. అందుచేతనే తరువాతి కాలపు సంక్షేమ వసతిగృహమును, దానిలో పప్పు ఎంత పలుచగా నున్నను, వారముల వ్యవస్థకంటె నేను గొప్పగా నెంతును.

రాయలసీమ పెద్దలు తమ సీమలో ఉన్నతవిద్యకు గల లోటును ఎరుగనివారు కారు. 1937 నవంబరు 16న కోస్తాంధ్ర నాయకులతో కుదిరిన శ్రీబాగు ఒడంబడికలో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వాల్తేరుతోపాటు అనంతపురమునను కేంద్ర ముండవలెనను అంశము చేర్చిరి. అట్టి కేంద్రము 1968లో స్నాతకోత్తర కేంద్రముగా వచ్చినది. 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైనది. కాగితము మీద సిరా ఆరుటకు ముప్పదియొక్క యేండ్లు పట్టినదన్నమాట.

ఈలోగా బడికిని కళాశాలకును నడుమనున్న గీత మాత్రము పలుమారులు జరిగినది. మెట్రిక్యులేషన్ పోయి ఎస్.ఎస్.ఎల్.సి. వచ్చెను, ఎఫ్.ఏ. పోయి ఇంటర్మీడియట్ వచ్చెను. స్వాతంత్ర్యానంతరము ఇంటర్మీడియట్ పోయి ఒక్క యేడాది పి.యు.సి. వచ్చెను, 1969-70లో ఆంధ్రప్రదేశ్ పి.యు.సి.ని విడిచి రెండేండ్ల ఇంటర్మీడియట్ తిరిగి తెచ్చి, 1971లో దానికొక బోర్డు నేర్పరచెను. ఇన్ని మార్పులలోను పేదవానికి ప్రయోజన మించుక సిద్ధించినది ఈ చివరి దానివలననే: జూనియర్ కళాశాల విశ్వవిద్యాలయ పట్టణమును విడిచి తాలూకా కేంద్రమునకు నడచివచ్చెను. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమీ పాఠ్యగ్రంథములను సిద్ధముచేయుటతో, అంతవరకు ఇంగ్లీషు రానివానికి మూసియున్న తరగతి తలుపు తెలుగుకును తెరచుకొనెను. హిందూపురపు వీథులలో తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును ఒకే బేరములో కలిసిపోవును గనుక ఇంగ్లీషు ఇచ్చట నాల్గవ భాష యని మరువరాదు.

హిందూపురమునకు సమీపమున పరిగి ప్రాంతములో కొడిగెనహళ్లి యను గ్రామము కలదు. పేరులోని హళ్లియే కర్ణాటక పొలిమేరను తెలుపుచున్నది. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా నున్నపుడు నల్లగొండ జిల్లా సర్వేలులో తొలి ప్రభుత్వ గురుకుల పాఠశాల ఆరంభింపబడగా, 1972లో కోస్తాకు తాడికొండలోను, రాయలసీమకు కొడిగెనహళ్లిలోను అట్టివే వెలసినవి. జిల్లా కేంద్రమును గాక, సరిహద్దు పల్లెను ఎన్నుకొనుట నాకెప్పుడును ఆశ్చర్యము గొలుపును. ప్రవేశపరీక్షలో నెగ్గిన గ్రామీణ బాలునికి భోజనము, వసతి, పుస్తకములు, ఉపాధ్యాయుడు, అన్నియు ఒకే ఆవరణలో దొరకెను. వారములు చేసికొన నక్కరలేదు. కండెలు చుట్టవలసిన వేళయు లేదు. పదవ తరగతి రాష్ట్రస్థాయి ర్యాంకుల పట్టికలో కొడిగెనహళ్లి పేరు కనబడుట కొన్నేండ్లకు వార్త గాకపోయినది. బాలుని తెలివి నాడే పుట్టలేదు. వాని కడుపును, నిద్రను, దీపమును ఎవరో తమ బాధ్యతగా గైకొనిరి.

దాదాపు ఆ కాలముననే, 1974లో, న్యూయార్కు నగరమున లాగ్వార్డియా కమ్యూనిటీ కళాశాల ఆవరణలోనే ఒక ఉన్నత పాఠశాలను స్థాపించి, బడి మానివేయునట్లున్న పిల్లలకు కళాశాల వాతావరణమునే మందుగా నిచ్చిరి. హైస్కూలులో నుండగనే కళాశాల క్రెడిట్లు సంపాదించు నేటి అమెరికా పద్ధతులకు అది యొక మాతృక. మన దేశమున దానికి మిక్కిలి సన్నిహితమైనది 2008లో చట్టముచే నేర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము. పదవ తరగతి యైనంతనే గ్రామీణ విద్యార్థిని నేరుగా విశ్వవిద్యాలయములోనికి గొనిపోయి, రెండేండ్ల పి.యు.సి.ని, నాలుగేండ్ల బి.టెక్.ను ఒకే గొలుసుగా నల్లినారు. పూర్వము రద్దు చేసిన పి.యు.సి. పేరు మరల బ్రతికివచ్చుట చూచి పాతకాలపు గుమాస్తాలు నవ్వుకొనియుందురు. మన ప్రాంతమువారికి దగ్గరిది కడప జిల్లా ఇడుపులపాయ ప్రాంగణము. గురుకులములు గాని ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారి మార్కులకు కొంత అదనముగా కలుపు నియమము దీని ప్రాణము. బాలుడు ఎంత దూరము పరుగెత్తెనను దానితోపాటు ఏ కాళ్ళతో పరుగెత్తెనని గూడ అడిగిన లెక్క యిది. విచిత్రమేమన, కొడిగెనహళ్లి విద్యార్థికి ఆ అదనము చెందదు. అర్ధశతాబ్దము క్రిందట లేమికి నిదర్శనమైన బాలుడు నేడు కలిమి గలవానిగా లెక్కింపబడుచున్నాడు. గురుకులమునకు ఇంతకంటె గొప్ప యోగ్యతాపత్ర మెవరును వ్రాయలేరు.

నేతపని, వ్యవసాయము చేయు కుటుంబములకు ఇంకొక దారి యున్నది, పేరు ప్రతిష్ఠలు తక్కువైనను. పది యైన పిదప మూడేండ్ల పాలిటెక్నిక్ డిప్లొమా ముగించి, ఈసెట్ అను ప్రవేశపరీక్ష వ్రాసి, ఇంజనీరింగు రెండవ సంవత్సరములో నేరుగా చేరవచ్చును. చదివిన చదువును పై చదువులో లెక్కకట్టుట యను సూత్రము, క్రెడిట్ అను మాట మన వార్తాపత్రికలలో కెక్కక పూర్వమే, ఈ మార్గమున అమలులో నుండెను. పైకి పోలేక ఆగినవాని చేతిలో డిప్లొమా యుండుట గూడ చిన్న మేలు కాదు. 2019 నుండి పెనుకొండ చెంత ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారము నడుచుచున్న సంగతి ఇచ్చటి తల్లిదండ్రులందరును ఎరుగుదురు.

2022 నుండి హిందూపురము, పెనుకొండ, ధర్మవరము మూడును శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నవి. పది ఫలితములు వెలువడిన కొలది దినములకే ఇడుపులపాయ ప్రవేశ ప్రకటన వచ్చును. దరఖాస్తునకు గడువు స్వల్పము. మీ వీథిలో, ప్రభుత్వ పాఠశాలలో చదివి, సాయంకాలము మగ్గము ప్రక్కన కూర్చుండి కండెలు చుట్టు బాలిక యున్నచో, దయచేసి ఆ ప్రకటనను ఆమె తల్లికి చదివి వినిపింపుడు.