బిళ్ళమీది లెక్క, రక్తములోని లెక్క

మందుబిళ్ళమీద నూరు మిల్లీగ్రాములని వ్రాసియున్నంతమాత్రమున అంతయు రక్తములో చేరునని తలపరాదు. బిళ్ళ కడుపులో కరుగవలెను. కరిగిన మందు ప్రేవుల గోడను దాటి, కాలేయమును గడచి రావలెను. అది ఒకవైపున రక్తములో చేరుచుండగనే, మరియొకవైపున కాలేయము, మూత్రపిండములు దానిని తొలగించుచుండును. ఈ రాకపోకల వేగమును మనుష్యుడు లెక్కింప నేర్చిన కథను శ్రోతలకు క్లుప్తముగా వినిపింపదలచితిమి.

1937లో స్వీడను దేశీయుడగు టోర్‌స్టెన్ టియోరెల్ ఈ రాకపోకలకు సమీకరణములు వ్రాసెను. కాని వానిని చేతిలెక్కతో సాధించుట మిగుల శ్రమ. 1963లో అమెరికాలో జాన్ వాగ్నర్, ఈనో నెల్సన్ అను ఇరువురు సులభమార్గమొకటి చూపిరి. వేళవేళకు తీసిన రక్తములో మందెంతయో కొలిచి, దానినిబట్టి దేహములో నిలిచియున్నదెంతయో, అప్పటికి దేహమును విడిచినదెంతయో గణించి, రెండింటిని కూడినచో అంతవరకు చేరిన మొత్తము తేలును.

ఈ లెక్క పండితుల వినోదము కాదని 1968లో ఆస్ట్రేలియాలో తేటపడెను. అచట మూర్ఛరోగులు వాడుచుండిన ఫెనిటోయిన్ క్యాప్సూళ్లలో మందు మోతాదు మారలేదు. దానితో కలుపు పూరకపదార్థము మాత్రము కాల్షియం సల్ఫేటునుండి లాక్టోజునకు మారెను. మునుపటి పూరకము మందును కొంత అడ్డుకొనుచుండెను. ఆ అడ్డు తొలగగా రక్తములో మందు పెరిగి, అనేకులకు విషలక్షణములు కలిగెను.

చేతిలెక్క శ్రమను తీర్చు సాధనమును కంప్యూటరు సమకూర్చెను. 1969లో అమెరికాలోని అప్‌జాన్ ఔషధ కంపెనీకి చెందిన కార్ల్ మెట్జ్‌లర్ 'నాన్‌లిన్' అను ప్రోగ్రామును వెలువరించెను. మందు చేరు వేగమును మొదట ఉజ్జాయింపుగా ఇచ్చినచో, ఏ గంటకు రక్తములో ఎంత ఉండవలెనో అది గణించును. కొలిచిన అంకెలతో పోల్చి, తేడా కనిష్ఠమగువరకు ఆ ఉజ్జాయింపును మరల మరల దిద్దును.

అయినను యంత్రము తనంత తాను తేల్చలేనిది ఒకటి కలదు. మందు చేరుట మెల్లనో, తొలగుట మెల్లనో మ్రింగిన మందు రక్తరేఖ ఒక్కటియే చెప్పజాలదు. రెండు వేగములను తారుమారు చేసినను రేఖ ఒకే ఆకారమున వచ్చును. అందుచేత అదే మందును సిరలోనికి సూదిద్వారా ఎక్కించి, తొలగు వేగమును వేరుగా కొలువవలసియుండును.

నోట వేసికొను జనరిక్ మందు మూలౌషధముతో సమానమని చూపుటకు నేడు సాధారణముగా ఈ రక్తరేఖలనే పోల్చుచున్నారు. హైదరాబాదునుండి విదేశములకు పోవు బిళ్ళలకును ఇట్టి పరీక్షయే. ఆనాటి మూర్ఛరోగుల పాట్లు మరల ఎవరికిని రాకుండ కాచునది ఈ లెక్కయే.