పద్నాలుగేళ్ల పిల్ల ఏ లెక్కలో ఉంది?

ఆరేళ్లలోపు పిల్లని అంగన్‌వాడీ తూకం వేసి రాసుకుంటుంది. పెళ్లై నెల తప్పిన మనిషికి ఏఎన్‌ఎం కార్డు రాస్తుంది. ఈ రెండింటికీ నడుమ, ఒళ్లు వేగంగా ఎదిగి నెలనెలా రక్తం పోవడం మొదలయ్యే ఏళ్లలో, బడికొచ్చే ఆడపిల్లకి చాలాకాలం ఏ రిజిస్టరూ లేదు. గోదావరి డెల్టాలో ఒక బాలికోన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. మా హైస్కూళ్లలో ఆరోగ్య చరిత్ర అంటే నాకు తెలిసినంతవరకూ ఈ ఖాళీ ఎలా పూడుతూ వచ్చిందన్నదే.

బడిపిల్లలకు వైద్య పరీక్షలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1909లోనే బరోడాలో చేశారు. స్వాతంత్ర్యం వచ్చాక 1960లో రేణుకా రే అధ్యక్షతన కేంద్రం ఒక కమిటీ కూడా వేసింది. మా బడి దాకా వచ్చింది మాత్రం ఎప్పుడో ఏడాదికోసారి పీహెచ్‌సీ డాక్టరుగారు, పళ్లూ కళ్లూ చూసి వెళ్లడం.

ముందు అన్నం సంగతి చెప్పాలి. 1995 ఆగస్టు 15న కేంద్రం మధ్యాహ్న భోజన పథకం పెట్టినప్పుడు మన దగ్గర ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు నెలకి మూడు కిలోల బియ్యం ఇచ్చేవారు. 2003 జనవరి నుంచి ప్రాథమిక బడుల్లో వండి పెట్టడం మొదలైంది. అంటే ఐదో తరగతి దాకా బడిలో వేడన్నం తిన్న పిల్ల, వేసవి సెలవులు దాటి మా ఆరో తరగతిలోకి రాగానే ఆ అన్నం పోగొట్టుకునేది. ఊడ్పుల రోజుల్లో తల్లి తెల్లారకముందే చేలోకి పోతే క్యారేజీ ఎవరు కడతారు? ప్రేయర్లో కళ్లు తిరిగి పడిపోయే పిల్లలు ఆ నెలల్లోనే ఎక్కువ. మొహాన నీళ్లు చల్లి, గ్లూకోజు కలిపి పట్టించి, కింది రెప్ప లాగి చూస్తే లోపల ఎరుపే ఉండేది కాదు. 2008లో భోజనం పై తరగతులకూ వచ్చింది. తొమ్మిది, పది తరగతులకు రాష్ట్రమే తన డబ్బుతో పెట్టింది. మా బడికి అంతకన్నా పెద్ద మేలు ఏ ప్రభుత్వ ఉత్తర్వూ చేయలేదని ఇప్పటికీ నమ్ముతాను.

అన్నం ఒక్కటే రక్తాన్ని నింపదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో దేశం మొత్తమ్మీద 59.1 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంతకుముందు సర్వేలో అది 54.1. వారానికో ఐరన్ మాత్ర పథకం 2012-13లో మొదలైంది. అదే నీలం మాత్ర. అప్పట్లో అందులో 100 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉండేవి. మొదటి వారం మాత్ర వేసుకున్న పిల్లలకు కడుపులో తిప్పింది, విరేచనం నల్లగా అయింది. పై వారానికి సగం మంది మాత్రని అరచేతిలో దాచేశారు. పిల్లలు పుట్టకుండా ఇస్తున్నారని ఒక పేటలో పుకారు కూడా లేచింది. అప్పట్నుంచి మాత్ర ఇవ్వడానికి ముందే పాఠం చెప్పేదాన్ని. అన్నం తిన్నాకే వేసుకోవాలి, ఆ పూట టీ తాగకూడదు, పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది, నల్లగా అయితే భయపడక్కర్లేదు. తర్వాత వాళ్లందరి ముందూ టీచర్లం మేమూ ఒక్కో మాత్ర మింగేవాళ్లం. పుకారు అలాగే చల్లారింది.

నీళ్ల సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. పొద్దున్నే ఇంట్లో గ్లాసుడు నీళ్లు కూడా తాగకుండా వచ్చే పిల్లలు ప్రతి సెక్షన్లోనూ ఉండేవారు. తాగితే వెళ్లాలి, వెళ్లడానికి చోటు లేదు. ఎండాకాలం ఒంటిపూట బడుల్లో మూత్రంలో మంటతో వచ్చి నా చెవిలో చెప్పుకునేవారు. క్లాస్ టీచరుగా హాజరు పట్టీ నింపుతుంటే, ఎనిమిదో తరగతి నుంచి నెలకి మూడేసి రోజుల గైర్హాజరు ఒక వరసలో కనిపించేది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చి ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి ఉండాలంది. ఆ చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికే. పై తరగతుల పిల్ల మళ్లీ గీత అవతలే మిగిలింది. 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు అన్ని బడులకూ ఆరు నెలల గడువు పెట్టింది. గది కట్టడం ఒక ఎత్తు, కుళాయిలో నీళ్లూ తలుపుకి గడియా ఉండటం ఒక ఎత్తు. గడియ లేని దొడ్డిలోకి ఏ ఆడపిల్లా వెళ్లదు. 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో స్వేచ్ఛ పథకం కింద ఏడో తరగతి నుంచి ఇంటర్ దాకా నెలకి పది న్యాప్‌కిన్లు ఇవ్వడం మొదలయ్యాక, నెలసరి అన్న మాట బడి అసెంబ్లీలో పైకే అనగలిగాం. వాడినవి పడేసే చోటు లేకపోతే అవి కూడా సగం పనే చేస్తాయి.

ఆటల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. పెద్దమనిషైన పిల్లని ఖోఖో నుంచి మానిపించడం ఇళ్లల్లో రివాజు. మా పీఈటీ మేడం సాయంత్రాలు తల్లుల దగ్గరికి వెళ్లి కూర్చుని, ఒక్కొక్కర్నీ ఒప్పించి గ్రౌండులోకి తెచ్చేది. ఆ పని ఏ నివేదికలోనూ ఉండదు.

2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలకూ మధ్యాహ్న భోజనం వచ్చింది. గీత పదిహేడేళ్ల దాకా జరిగింది, సంతోషం. ఒక్క తావు మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. పదో తరగతి పరీక్షలు రాసిన పిల్ల పేరు మా రిజిస్టర్లోంచి పోతుంది, కాలేజీ రిజిస్టర్లోకి ఇంకా ఎక్కదు. ఆ రెండు మూడు నెలల్లో అన్నం లేదు, మాత్ర లేదు. పెళ్లి ముహూర్తాలు వచ్చేదీ ఆ వేసవిలోనే. ఆఖరి పరీక్ష రోజున ప్రతి పిల్ల చేతిలో వేసవికి సరిపడా మాత్రలు పెట్టాలి. వాళ్ల పేర్ల జాబితా అదే రోజు ఆ ఊరి ఏఎన్‌ఎంకి చేరాలి. జూన్‌లో కాలేజీలు తెరిచాక ఆ జాబితా ముందు పెట్టుకుని, చేరని పిల్ల ఇంటికి ఎవరో ఒకరు వెళ్లాలి. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, హెడ్‌మిస్ట్రెస్ సంతకం చాలు.