చిల్లీకి చివర ఐయా, వైయా?

శ్రీనాథుడు పల్నాడు తిరిగిన రోజుల్లో ఇక్కడ మిరపకాయ లేదు. జొన్నకూడు మీద విసుక్కుంటూ ఆయన చెప్పాడనే చాటువులు ఇప్పటికీ మన నోళ్ళలో నానుతున్నాయి గానీ, ఆ కూట్లో నంజుకున్నది ఏదైనా దాని ఘాటు మిరియాలదో, పిప్పళ్ళదో, అల్లానిదో అయ్యుండాలి. కారెంపూడి యుద్ధంలో నేలకొరిగిన వీరులూ ఎర్రకారం ఎరగరు. 1492లో కొలంబస్ సముద్రం దాటాకే ఆ కాయ అమెరికా ఖండం వదిలి బయటికి వచ్చింది. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలు దాన్ని మన పడమటి తీరానికి చేర్చాయి.

అలా వచ్చిన కాయ ఈవేళ పల్నాటి బతుకుతెరువు. నల్లరేగడి, సాగర్ కుడికాలువ నీళ్ళు, రైతు రెక్కల కష్టం కలిసి ఎండాకాలం మొదలయ్యేసరికి కల్లాలన్నీ ఎర్రబడతాయి. కానీ మనం పండించే కాయకు ఇంగ్లీషు పేరు రాసేటప్పుడు మాత్రం చెయ్యి తడబడుతుంది. హోటల్ మెనూ మీదా, కారం ప్యాకెట్ మీదా, కొట్టు బోర్డు మీదా ‘చిల్లీ’ చివర ఒకచోట ఐ ఉంటుంది, ఇంకోచోట వై ఉంటుంది. పలకడానికి రెండూ ఒకటే. ఐ పెడితే మిరపకాయ. వై పెడితే చలిచలిగా ఉందని.

ఈ రెండు మాటలకూ చుట్టరికం ఏమీ లేదు. చలి చిల్లీ అచ్చమైన పాత ఇంగ్లీషు మాట. కోల్డ్, కూల్ అనేవి దానికి తోబుట్టువులు. మిరప చిల్లీ మెక్సికోది. అక్కడి అజ్టెక్‌ల భాష నాహ్వాట్ల్. అందులో ఈ కాయను ‘చీల్లి’ అనేవారు. స్పెయిన్ వాళ్ళు దాన్ని ‘చీలే’ చేశారు, 17వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు ‘చిల్లీ’గా అందుకున్నారు.

కొలంబస్ మాత్రం దీనికి కొత్త పేరు వెతకలేదు. ఆయన బయల్దేరింది మిరియాల దేశం కోసం. అందుకే నోరు మండించిన కాయను చూడగానే మిరియాల కుటుంబంలో కలిపేశారు. మిరియానికి ఇంగ్లీషు మాట పెప్పర్. దాని మూలం మన పిప్పలి. గ్రీకు, లాటిన్ల మీదుగా అక్కడికి చేరింది. మనవాళ్ళు చేసిందీ అదే. మిరియం పోలికతోనే కొత్త కాయకు మిరప అని పేరు పెట్టుకున్నారు. మొక్కలుగా చూస్తే మిరియం తమలపాకు జాతి, మిరప వంకాయ జాతి.

మరి వై ఎక్కడ దూరింది? చదువు సరిగ్గా అబ్బనివాళ్ళ తప్పని కొట్టిపారేస్తుంటారు. అది అన్యాయం. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ అనే ప్రసిద్ధ నిఘంటువు తెరిస్తే, మిరపకాయ మాట వై అక్షరంతోనే కనిపిస్తుంది. దాన్ని కూర్చినవాళ్ళు హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన పండితుడు. దొరల ఇంగ్లీషులోనే ఈ మాటకు స్పెల్లింగు కుదురుకోలేదు. అదే మనకు సంక్రమించింది.

బడిలో నేర్చిన వ్యాకరణం ఆ వై అలవాటును ఇంకా గట్టిపరిచింది. సిటీకి బహువచనం రాయాలంటే వై తీసి ఐ-ఇ-ఎస్ పెట్టమని మాస్టారు చెబుతారు. మిరపకాయలకు బహువచనం ‘చిల్లీస్’ కూడా ఐ-ఇ-ఎస్‌తోనే ముగుస్తుంది. దాన్నుంచి ఏకవచనానికి వెనక్కి నడిస్తే, సూత్రం ప్రకారం వై దగ్గరికే చేరతాం. సూత్రం బాగా నేర్చుకున్న పిల్లవాడే ఇక్కడ పొరబడతాడు.

అంత గొప్ప హాబ్సన్-జాబ్సన్ కూడా ఒక విషయంలో దారి తప్పింది. ఈ పేరు దక్షిణ అమెరికాలోని చిలీ దేశం నుంచి వచ్చిందని రాసింది. బటేవియాలో ఉన్న బాంటియస్ అనే డచ్చి వైద్యుడు అంతకు రెండు వందల ఏళ్ళకు పైగా ముందే ఆ మాట అన్నాడు, దాన్నే వీళ్ళూ నమ్మారు. కానీ స్పెయిన్ సేనలు మెక్సికో రాజధానిని పట్టుకున్నది 1521లో, చిలీ వైపు తొలి దండయాత్రకు బయల్దేరింది 1535లో. కాయ పేరు వాళ్ళ చెవిన పడింది మెక్సికోలోనే. చిలీ దేశం పేరుకు మూలం ఏమిటన్నది పండితులు ఇంకా తేల్చలేదు. నేల అంచు అనే అర్థమున్న ఐమరా మాట అని కొందరు, చలి అనే అర్థమున్న కెచువా మాట అని మరికొందరు అంటారు.

అమెరికా వెళ్ళే మన పిల్లలకు ఒక జాగ్రత్త చెప్పాలి. అక్కడ ఒకే ఎల్‌తో రాసే చిలీ చాలాసార్లు మిరపకాయ కాదు, మాంసం వేసి ఉడికించిన కూర. 1977 నుంచి టెక్సస్‌కు అది రాష్ట్ర వంటకం కూడా. గొడ్డుమాంసం తిననివాళ్ళు అడిగి తెలుసుకోవాలి.

వేడినీ చలినీ వేరుచేసి చూపడానికి శాస్త్రం కూడా ఈ కాయతోనే మొదలుపెట్టింది. శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో మిరపలోని క్యాప్సైసిన్‌ను పట్టుకుని మన నరాల్లో వేడిని పసిగట్టే గ్రాహకాన్ని కనిపెట్టింది. సుమారు 43 డిగ్రీల వేడికి స్పందించే ఆ గ్రాహకాన్ని కారం కూడా తట్టిలేపుతుంది. కారం తింటే నోరు కాలినట్టుండేది అందుకే. ఆ తర్వాత పుదీనా జాతిలోని మెంథాల్ సాయంతో చలిని పసిగట్టే గ్రాహకం దొరికింది. జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. చిల్లీ మంటకు ఒక ద్వారం, చలికి మరో ద్వారం.

మన వ్యాపారంలో ఈ తేడా ఇంకా దగ్గరగా తగులుతుంది. ధర లేనప్పుడు రైతు మిరప టిక్కీలను, అంటే బస్తాలను, కోల్డ్ స్టోరేజీకి తోలతాడు. మిర్చి యార్డులో ఆ సరుకును ఏసీ కాయ అంటారు, దాని ధర వేరుగా పలుకుతుంది. చలీ మిరపా రెండూ ఒకే కాగితం మీదికొచ్చే సరుకు ఇది. భౌగోళిక గుర్తింపు పొందిన ‘గుంటూరు సన్నం చిల్లీ’ రిజిస్టర్లో ఐతోనే ఉంది. బయటి దేశం కొనుగోలుదారు చదివేదీ అదే. కాబట్టి పల్నాటి వ్యాపారులకూ, కారం మిల్లుల వాళ్ళకూ, బోర్డులు రాసేవాళ్ళకూ నా మనవి ఒకటే: రెండు ఎల్‌లు వేసి, చివర ఐ పెట్టండి.