రెండు అబర్డీన్‌లు, చేప తినే కొవ్వు

అండమాన్ దీవుల ముఖ్య పట్టణం పోర్ట్ బ్లెయిర్. 2024లో దీని పేరును శ్రీ విజయపురంగా మార్చారు. ఆ పట్టణం నడిబొడ్డున, గడియార స్తంభం ఉన్న పేటే అబర్డీన్ బజార్. అక్కడ తెలుగు మాట వినిపిస్తే ఆశ్చర్యపోకండి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. వారిలో ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వెళ్లిన మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి.

వారి వలల్లో పడేవి సూర, వంజరం వంటి సముద్రపు చేపలు. కొల్లేరు పరిసరాల చెరువుల్లో మన రైతులు పెంచేవి శీలావతి, బొచ్చె. తవుడు, వేరుశనగ చెక్క పెట్టి శీలావతిని పెంచినట్లు సముద్రపు చేపను ఎందుకు పెంచలేం? ఈ ప్రశ్నకు జవాబులో ముఖ్యమైన భాగం అదే పేరున్న మరో ఊళ్లో, స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో దొరికింది.

కొవ్వు అంటే ఇంధనమేనా?

గ్రాము పిండిపదార్థం 4 కిలోకేలరీల శక్తినిస్తే గ్రాము కొవ్వు 9 ఇస్తుంది. అందుకే చాలాకాలం కొవ్వును ఇంధనంగానే చూశారు. 1929లో అమెరికాలో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ దంపతులు ఎలుకలకు కొవ్వు బొత్తిగా లేని ఆహారం పెట్టారు. వాటి చర్మం పొలుసులు లేచింది, పెరుగుదల ఆగింది. కొన్ని కొవ్వు ఆమ్లాలను శరీరం తయారు చేసుకోలేదనీ, అవి ఆహారంలోనే అందాలనీ తేలింది. వీటినే ఆవశ్యక కొవ్వు ఆమ్లాలు అంటాం.

మరి చేపలకో? చలికాలంలో మీ ఇంట్లో నెయ్యి పేరుకుంటుంది, నువ్వుల నూనె పేరుకోదు. నూనెలోని కొవ్వు ఆమ్లాల గొలుసుల్లో ద్విబంధాలు ఎక్కువగా ఉండటమే అందుకు కారణం. చేప శరీరపు వేడి చుట్టూ ఉన్న నీటి వేడిని బట్టి మారుతుంది. చల్లని నీటిలోనూ కణాల పొరలు గడ్డకట్టకుండా మెత్తగా ఉండాలంటే ఇలాంటి ఆమ్లాలే కావాలి. 1972లో ఓరెగాన్ శాస్త్రజ్ఞులు ట్రౌట్ చేపలపై చేసిన ప్రయోగాల ఫలితాలు ప్రకటించారు. ఆహారంలో లినోలెనిక్ ఆమ్లం లేకపోతే చేపల రెక్కలు అరిగిపోయాయి. కాస్త అలికిడికే అవి స్పృహ తప్పాయి. ఆహారంలో ఒక శాతం ఆ ఆమ్లం చేరిస్తే చక్కగా పెరిగాయి.

అబర్డీన్ ప్రయోగం

లినోలెనిక్ ఆమ్లం గొలుసులో 18 కార్బన్ పరమాణువులు, 3 ద్విబంధాలు ఉంటాయి. చేప మెదడుకూ కంటికీ నిజంగా కావలసింది 22 కార్బన్‌లు, 6 ద్విబంధాలు ఉన్న డి.హెచ్.ఎ. అనే ఆమ్లం. ట్రౌట్ మొదటిదాన్ని రెండోదిగా మార్చుకుంటుంది. ఈ పని అన్ని చేపలకూ చేతనవుతుందా?

అబర్డీన్‌లోని సముద్ర జీవరసాయన సంస్థలో ఓవెన్, ఆడ్రన్, మిడిల్టన్, కోవీ అనే శాస్త్రజ్ఞులు దీన్ని పరీక్షించి, 1975లో ఫలితాలు ప్రచురించారు. రేడియోధార్మిక కార్బన్‌తో గుర్తు పెట్టిన కొవ్వు ఆమ్లాలను ట్రౌట్‌కూ, టర్బాట్ అనే చదునైన సముద్రపు చేపకూ మేతతో ఇచ్చారు. ట్రౌట్‌లో లినోలెనిక్ ఆమ్లానికి పెట్టిన గుర్తులో 70 శాతం డి.హెచ్.ఎ.లో కనిపించింది. టర్బాట్‌లో 3 నుంచి 15 శాతం మాత్రమే పొడవైన గొలుసులుగా మారింది. అంటే టర్బాట్‌కు డి.హెచ్.ఎ. మేతలోనే సిద్ధంగా అందాలి.

అదే దశకంలో జపాన్ హేచరీల్లో ఎర్ర సీబ్రీమ్ పిల్లలు గుంపులుగా చనిపోయేవి. వాటికి మేతగా వేసే రోటిఫర్ అనే సూక్ష్మజీవులను రొట్టెల ఈస్టుతో పెంచేవారు. ఆ రోటిఫర్లలో పొడవైన గొలుసు ఆమ్లాల కొరత ఉందని వతనాబే బృందం గుర్తించింది. రోటిఫర్లకు సముద్రపు శైవలాలో, చేపనూనో ముందుగా తినిపిస్తే పిల్లలు బతికాయి. 1995లో స్కాట్లాండ్ శాస్త్రజ్ఞులు మరో సంగతి చూపారు. డి.హెచ్.ఎ. కొరతతో పెరిగిన హెర్రింగ్ పిల్లలు మసక వెలుతురులో ఎరను సరిగా చూడలేకపోయాయి. పిల్ల దశలో ఇది ప్రాణాపాయమే కదా!

మనకేమిటి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు మీరే చెప్పగలరు. శీలావతి గొలుసును పొడిగించుకోగలదు, పైగా చెరువులోని ప్లవకాలు లోటు తీరుస్తాయి. సముద్రపు వేటచేపకు తవుడు, చెక్కలోని కొవ్వు చాలదు. చెన్నైలోని ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ 1997లో పండుగప్పను బంధనంలో పొదిగించింది. 2007లో విశాఖ తీరంలో దాన్ని సముద్రపు బోనుల్లో పెంచారు. ఇలాంటి వేటచేపల మేతలోకి చేపనూనె రావలసింది కవళ్ల వంటి చిన్నచేపల నుంచే. ఖరీదైన చేప కోసం పేదవాడి కంచంలో చేప తగ్గాలా? అందుకే డి.హెచ్.ఎ. ఇచ్చే శైవలాలను తొట్లలో పెంచి నూనె తీస్తున్నారు.

మరో దారి పగడపు దిబ్బల్లోనే ఉంది. నాచు మేసే ర్యాబిట్ ఫిష్ సముద్రపు చేపే అయినా డి.హెచ్.ఎ.ను స్వయంగా తయారు చేసుకోగలదు. అందుకు తోడ్పడే ఎంజైమును 2010లో గుర్తించారు. అంటే ఉప్పునీటి కంటే తరతరాల తిండి అలవాటే ముఖ్యమేమో. వేటాడే చేపకు సిద్ధంగా దొరికే ఆమ్లాన్ని, నాచు మేసే చేప తానే తయారు చేసుకోవాలి మరి! ఈ జాతి చేపలు అండమాన్ తీరంలోనూ ఉన్నాయి. రేపు దీవుల్లో ఏ చేపను పెంచాలో నిర్ణయించేవారు దాని ధరతోపాటు అది ఏ కొవ్వు అడుగుతుందో కూడా చూడాలి.