ఇంటి ప్లానులో దారి కూడా గీయండి

ఇంటికి రక్షణ అంటే గోడ, గేటు, గొళ్ళెం అనుకుంటాం. జిల్లాకు అంబేడ్కర్ పేరు వద్దన్న గుంపు 2022 మే 24న అమలాపురంలో దళిత మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటినే తగలబెట్టింది. మంత్రి ఇంటికే లేని రక్షణ, పేటలో రేకుల ఇంటికి గొళ్ళెం ఇస్తుందా?

అందుకే నా విద్యార్థులకు నేను ఇంటి చరిత్రను దారితో కలిపి చెబుతాను. 1985 జులై 17న కారంచేడు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. బతికినవాళ్ళు చీరాల చేరారు. మళ్ళీ ఆ పల్లెకే పోయి గోడలు ఎత్తు చేసుకోలేదు. చీరాలలోనే విజయనగర్ కాలనీ సాధించుకున్నారు. ఇల్లు ఉండే చోటునే మార్చారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఇళ్ళు వదిలి పొలాలకడ్డం పడి పరిగెత్తినవాళ్ళను వెంటాడి నరికారు. ఎనిమిది మంది పోయారు.

మన కోనసీమ పేటలు చూడండి. ఒకపక్క కాలువ, ఒకపక్క కొబ్బరితోట. బయటికి దారి చాలాచోట్ల ఊరి మీదుగానే. ఆ దారి మూస్తే పేట మొత్తానికీ ఒకే గొళ్ళెం పడ్డట్టు.

కాబట్టి ఇళ్ళ స్థలం ఇస్తామంటే పట్టా ఒక్కటే చూడకండి. రోడ్డు ఎంత దూరం, దారి ఎవరి పొలంలోంచి అని అడగండి. రెండో దారి కోసం అర్జీ పెట్టండి. అది దయ కాదు, మన హక్కు.

జై భీమ్.